కిరాయిదారు సంతకం చెల్లదా?

నాకు హనుమకొండలో చిన్న జిరాక్స్ షాపు ఉంది. జిరాక్స్, లామినేషన్, ఆన్‌లైన్ అప్లికేషన్లు, టైపింగ్. ఆదివారం సాయంత్రం మాత్రం షాపులో ఒకటే పని, సోమవారం కలెక్టరేట్‌లో జరిగే ప్రజావాణిలో ఇచ్చే వినతిపత్రాలు. పింఛన్ ఆగింది, పాస్‌బుక్కులో పేరు తప్పు పడింది, పక్కింటాయన గోడ జరిపాడు. ఇవే ఏళ్ల తరబడి టైప్ చేసి చేసి, మనిషి కుర్చీలో కూర్చునేలోపే ఆ సమస్య ఏ శాఖదో చెప్పేస్తాను. 2023 వరద తర్వాత నా దగ్గరికి వేరే రకం కాగితాలు రావడం మొదలైంది. నాలా, రేకుల ఇల్లు, ఎండ, నీడ. ఇవన్నీ మా బస్తీ వాళ్లవే. వాటిలో ఎవరి పేరు ఎక్కుతుంది, ఎవరి పేరు ఎగిరిపోతుంది అన్నది చాలా రోజులుగా రాయాలనుకుంటున్నాను.

మా బస్తీ పేరు చెప్పను. హంటర్ రోడ్డుకు దిగువన, బొందివాగుకు దగ్గరలో అనుకోండి, చాలు. పేరు రాస్తే 'అక్కడ ప్లాటు కొనకండి' అని ఎవరో ఒకరు వాట్సాప్‌లో తిప్పుతారు, సొంతిళ్లున్నవాళ్లు నా మీదికి వస్తారు. చాలా కాలనీలు తమ గల్లీలో నీళ్లొచ్చాయని గట్టిగా చెప్పుకోకపోవడానికి కారణం కూడా ఇదే. ఇల్లు మునిగినా ఓర్చుకుంటారు గానీ రేటు పడిపోతే ఓర్చుకోలేరు.

ముందు నీళ్ల సంగతి. వరంగల్ చెరువులు కాకతీయుల నాటి గొలుసుకట్టు. పై చెరువు నిండి మత్తడి దూకితే ఆ నీళ్లు కాలువ పట్టి కింది చెరువులో పడాలి, అది నిండితే దాని కిందిదానిలో. వడ్డేపల్లి చెరువు, భద్రకాళి చెరువు, ఉర్సు దగ్గరి రంగసముద్రం, ఇలా నగరం చుట్టూ, నగరం నడిమధ్యన కూడా చెరువులే. ఇప్పుడు మనం నాలా అని ముక్కు మూసుకుని దాటేవన్నీ ఒకప్పుడు ఆ చెరువులను కలిపిన వాగులు, కాలువలు. చెరువు నీళ్లు నిలిచే శిఖం భూముల్లో ప్లాట్లు పడ్డాయి, కాలువ పక్కన అపార్ట్‌మెంట్లు లేచాయి, ఇళ్ల ముందు మట్టి ఉన్నచోటల్లా సీసీ రోడ్డు వచ్చింది. నీళ్లు ఇంకే జాగా పోయింది, పారే జాగా సన్నబడింది. పైగా పడే వాన తీరు మారింది. గాలి ఒక్క డిగ్రీ వేడెక్కితే దాదాపు 7 శాతం ఎక్కువ తేమను పట్టుకుంటుంది. పట్టుకున్నదంతా ఒక్కసారే కుమ్మరిస్తే ఏమవుతుందో మేము 2020 ఆగస్టులో చూశాం, 2023 జూలైలో చూశాం, మళ్లీ 2025 అక్టోబర్ చివర్లో మొంథా తుపానుకు చూశాం.

2023 జూలైది మాత్రం మామూలుది కాదు. 27వ తేదీ పొద్దుటికి ములుగు జిల్లా లక్ష్మీదేవిపేటలో 24 గంటల్లో 649.8 మిల్లీమీటర్లు పడింది. తెలంగాణలో అంతకుముందెన్నడూ ఒక్క రోజులో అంత వాన నమోదు కాలేదు. రెండు రోజుల తర్వాత భద్రకాళి చెరువు కట్ట పోతననగర్ వైపు తెగింది. మా బస్తీలో అప్పటికే కింది గదులన్నీ నడుము లోతు బురద నీళ్లలో ఉన్నాయి.

నీళ్లు తీశాక సర్వే చేసేవాళ్లు వచ్చారు. వాళ్ల ఫారంలో ఇంటి నంబర్, యజమాని పేరు, ఆధార్, బ్యాంకు ఖాతా. అంతే. మా దగ్గర ఒక్కో ఇంటి నంబర్ మీద ఎన్ని కాపురాలుంటాయో చూడాలి. పైన ఓనర్, కింద మూడు నాలుగు సింగిల్ రూములు, వెనక రేకుల షెడ్డులో ఇంకో కుటుంబం. నీళ్లొచ్చింది కింద, పేరు రాసుకుంది పైన. బీడీలు చుట్టే అక్క ఒకామె ఆ సాయంత్రం షాపుకు వచ్చి, తడిసిన రేషన్ కార్డు నా టేబుల్ మీద పెట్టి అంది:

"నీళ్లేమో మా బియ్యం డబ్బల చొచ్చినయి. పేరేమో మీదున్న ఓనర్‌ది రాసుకపోయిన్రు. మేం మనుషులం గాదా అన్నా?"

"మరి నీ పేరు గూడ రాయమని చెప్పకపోయినవా?"

"చెప్పిన. కిరాయిదార్లు మా లెక్కల రారమ్మా అన్నడు."

ఆ మాట అన్న మనిషిని తప్పుపట్టి లాభం లేదు. ఆయన చేతిలో ఉన్న ఫారంలో ఆ గడే లేదు. గడి లేకపోతే మనిషి లేనట్టే. కాగితాలతో బతికేవాడిని కాబట్టి ఇది నాకు మిగతావాళ్లకంటే ఎక్కువ గుచ్చుకుంది.

అలా మొదలైంది మా సొంత జాబితా. సంఘానికి పేరు లేదు, రిజిస్ట్రేషన్ లేదు, అధ్యక్షుడు లేడు. మహిళా పొదుపు సంఘాల ఆడవాళ్లు కొందరు, ఇద్దరు ముగ్గురు ఆటో అన్నలు, సెలవులకు ఇంటికొచ్చిన డిగ్రీ పిల్లలు. నా పని గడులు గీయడం. ఇల్లు సొంతమా కిరాయా, గది కిందా పైనా, నీళ్లు ఎంత ఎత్తు వచ్చాయి, ఏం పోయాయి. ఎత్తును అడుగుల్లో అడిగితే ఎవరూ సరిగ్గా చెప్పలేకపోయారు. అందుకే పాదం, మోకాలు, నడుము, కిటికీ అని నాలుగు పెట్టాం. గోడ మీద బురద చార ఇంకా ఆరలేదు కాబట్టి ఎవరూ పెంచి చెప్పే వీలు లేకపోయింది. చివరి గడి పొదుపు సంఘం లీడరు అడిగి పెట్టించింది: ఇంట్లో నడవలేనివాళ్లు, బాలింతలు, డయాలసిస్‌కు పోయేవాళ్లు ఎవరైనా ఉన్నారా? అప్పుడు నాకది అనవసరం అనిపించింది. వరద నష్టానికి డయాలసిస్‌తో ఏం పని అనుకున్నాను. 2025 అక్టోబర్‌లో మొంథా వచ్చిన రోజు ఎవరిని ముందు ఎత్తుకుని పోవాలో ఆ గడి చూసే తేల్చారు. ఒక పెద్దాయనను మంచంతో సహా ఆటో ట్రాలీలో ఎక్కించి ఫంక్షన్ హాలుకు చేర్చారు. అప్పటికి నీళ్లు ఇంకా గల్లీ మొదట్లోనే ఉన్నాయి.

జాబితాకు అడ్డం పడింది ఆఫీసు వాళ్లు కాదు, మా ఓనర్లే. కాగితం మీద కిరాయిదారు పేరు ఎక్కితే రేపు ఇంటి మీద హక్కు అడుగుతారని ఒకాయన. కిరాయికి ఇచ్చినట్టు తేలితే ఇంటి పన్ను పెరుగుతుందని ఇంకొకాయన. మూడో ఆయన ఏ కారణమూ చెప్పలేదు, గేటు వేసుకున్నాడు. ఆడవాళ్లు అలిగి వెనక్కి వచ్చారు. చివరికి ప్రతి పేజీ కింద ఒక వాక్యం టైప్ చేశాను: 'ఈ జాబితా వరద నష్టం అంచనా కోసం మాత్రమే. దీనికి ఇంటి యాజమాన్య హక్కుతో గానీ, ఆస్తి పన్నుతో గానీ సంబంధం లేదు.' దానికి చట్టంలో బలం ఎంతో వకీళ్లు చెప్పాలి. మా గల్లీలో మాత్రం బాగానే పనిచేసింది. గేటు వేసుకున్నాయన కూడా సంతకం పెట్టాడు, కళ్లద్దాలు తుడుచుకుని రెండుసార్లు చదివి మరీ.

ఇక ఆ కాగితం ఎవరికి ఇవ్వాలి? 2021 ఆగస్టులో వరంగల్ అర్బన్ జిల్లా హనుమకొండ అయింది, వరంగల్ రూరల్ వరంగల్ అయింది. నగరం ఒక్కటే, కార్పొరేషన్ ఒక్కటే, 66 డివిజన్లు. కలెక్టర్లు మాత్రం ఇద్దరు. నాలా ఇటు కొంత, అటు కొంత. ఒక చోట ఇస్తే 'ఇది వాళ్ల పరిధి' అంటారని భయపడి మూడు సెట్లు కొట్టాం. నాకు జిరాక్స్ గిరాకీ, మా వాళ్లకు తిరుగుడు. కూలి పోగొట్టుకుని సోమవారం లైనులో నిలబడటం ఎంత ఖర్చో ఓసారి లెక్కేయండి. అపార్ట్‌మెంట్ అసోసియేషన్ వాళ్లు రిటైరయిన ఒక పెద్దమనిషిని పంపిస్తారు, ఆయనకు అదొక కాలక్షేపం. మా వాళ్లకు అది ఒక పూట అన్నం.

అసోసియేషన్ అంటే గుర్తొచ్చింది. ఒక పెద్ద కాలనీ వాళ్లు లెటర్‌హెడ్‌తో వచ్చి, 'వాతావరణ మార్పులను దృష్టిలో ఉంచుకుని' తమ పార్కులో వాకింగ్ ట్రాక్‌కు పేవర్ బ్లాకులు వేయించాలని టైప్ చేయించుకున్నారు. ఉన్న మట్టిని కూడా రాళ్లతో మూసేయడానికి వాతావరణ మార్పును ఎందుకు పిలిచారో నాకు అర్థం కాలేదు. పేజీకి ఇరవై రూపాయలు తీసుకుని కొట్టిచ్చాను. నా పని అది.

వరద సంగతి కనీసం పేపర్లో వస్తుంది. పడవలు, ఫొటోలు, నాయకులు. ఎండకు అవేమీ ఉండవు. మైదాన ప్రాంతంలో 40 డిగ్రీలు దాటి, మామూలుకంటే 4.5 డిగ్రీలు ఎక్కువుంటే వాతావరణ శాఖ వడగాలి అంటుంది. 45 తాకితే పోలికతో పనిలేదు. అదంతా బయట నీడలో పెట్టిన థర్మామీటర్ లెక్క. సిమెంటు రేకుల కింద కూర్చున్న మనిషి లెక్క వేరే. బీడీలు చుట్టే అక్క ఫ్యాన్ వేసుకోదు. వేస్తే చాటలో తంబాకు ఎగురుతుంది, తడిపి పెట్టిన తునికాకు ఎండి చుట్టేటప్పుడు చిట్లుతుంది. అందుకని మిట్టమధ్యాహ్నం తలుపు కూడా ఓరగా వేసి, ఆ ఉక్కలోనే వెయ్యి బీడీల లెక్క పూర్తి చేయాలి. అదే గల్లీ చివర మూడంతస్తుల ఇంటి ఏసీల వెనక భాగాలన్నీ ఆమె కిటికీ వైపే తిరిగి ఉంటాయి.

తెలంగాణ ప్రభుత్వం 2023 ఏప్రిల్‌లో కూల్ రూఫ్ పాలసీ తెచ్చింది. 2028 దాకా నడుస్తుంది. పైకప్పు మీద తెల్లటి పూత గానీ, ఎండను వెనక్కి కొట్టే టైల్స్ గానీ వేస్తే ఇల్లు తక్కువ వేడెక్కుతుంది, కరెంటు ఆదా అవుతుంది. మంచి పాలసీ, అందులో అనుమానం లేదు. ఇళ్ల విషయానికి వస్తే 600 గజాలు, ఆపైన ప్లాటు ఉన్నవాళ్లకు తప్పనిసరి, అంతకంటే తక్కువైతే ఇష్టం ఉంటే వేసుకోవచ్చు. 600 గజాలంటే మా గల్లీలో పది ఇళ్లు. మా వాళ్లకు ఇష్టం లేక కాదు, డబ్బాల కొద్దీ పెయింటు కొనే డబ్బు లేక. పైగా రేకులు వాళ్లవి కావు, ఓనర్‌వి. కిరాయి ఇంటి కప్పు ఎవరు రంగు వేయాలో ఏ పాలసీలోనూ నాకు కనపడలేదు.

సరే, మనమే ఒక ఇంటికి చేసి చూపిద్దాం, తర్వాత అడుగుదాం అనుకున్నాం. అక్క ఇల్లే తీసుకున్నాం. మా మేస్త్రీ అన్న ముందురోజే సున్నం నానబెట్టి, పొద్దున పాత చీర గుడ్డలో వడగట్టాడు. అందులో తెల్ల సిమెంటు కొంత, ఫెవికాల్ కొంత. సిమెంటు రేకు మీద ఎక్కడపడితే అక్కడ కాలు పెడితే రేకు పగిలి మనిషి ఇంట్లో పడతాడు. కింద దూలం ఎక్కడుందో పైన బోల్టుల వరస చెబుతుంది. ఆ వరస వెంబడి చెక్క పలక పరిచి, దాని మీద కూర్చుని జరుగుతూ పూయాలి. పాత రేకుల పొడి ఊపిరితిత్తులకు మంచిది కాదని నీళ్లు కొట్టి తడిపాకే నాచు తీయించాడు, గీకుతామన్న పోరగాళ్లను తిట్టి మరీ. పొద్దున ఆరున్నరకు మొదలుపెట్టి ఎండ ఎక్కేలోపు మొదటి కోటు, సాయంత్రం రెండో కోటు.

మర్నాడు మధ్యాహ్నం ఇంట్లో నిచ్చెన వేసి రేకు కింది వైపు అరచేయి ఆనించి చూశాను. అంతకుముందు వారం అదే గంటకు అదే చోట చేయి పెట్టి చటుక్కున తీసేశాను. ఇప్పుడు ఆనించి ఉంచగలిగాను. వేడి పోలేదు, తగ్గింది. రాత్రి పది దాటాక ఫ్యాన్ గాలి గాలిలాగే తగులుతోందని అక్క చెప్పింది. ఆ మాటలో సంబరం ఏమీ లేదు, ఉన్నది ఉన్నట్టు చెప్పింది. సున్నం కాబట్టి రెండు వానలకు సగం కడుక్కుపోతుంది, ఏడాదికోసారి మళ్లీ వేయాలి. అది ఆమెకూ తెలుసు.

అసలు కథ ఆ తర్వాత జరిగింది. ఇల్లు చల్లబడిందని నలుగురూ వచ్చి చూసి పోతుంటే ఓనర్ కూడా వచ్చి చూశాడు. వచ్చే నెల నుంచి కిరాయి రెండు వందలు పెంచాడు. ఎందుకని అడిగితే, "ఇల్లు బాగైంది కదా" అన్నాడు. సున్నం మాది, కూలి మాది, ఎక్కింది మా మేస్త్రీ. ఆ రోజు షాపులో నవ్వాలో తిట్టాలో ఎవరికీ తెలియలేదు. ఇప్పుడు ఏ రేకుల ఇంటికైనా సున్నం పూసే ముందు ఓనర్ దగ్గర ఒక కాగితం రాయించుకుంటున్నాం, ఏడాది దాకా కిరాయి పెంచనని. సగం మంది రాసిస్తారు. మిగతా సగం మంది 'అయితే వద్దులే' అంటారు, ఆ ఇళ్లు నల్లగానే ఉంటాయి. నగరాన్ని చల్లబరచడం గురించి మాట్లాడే పెద్దవాళ్లెవరైనా ఇది చదివితే, ఈ రెండు వందల సంగతి కూడా ప్లానులో రాసుకోండి.

చౌరస్తా దగ్గర కూలీ అడ్డాది ఇంకో ముచ్చట. పొద్దున ఆరింటి నుంచి అక్కడ నిలబడతారు. పని దొరకనివాళ్లు పది, పదకొండు దాకా ఎండలోనే ఉంటారు, షాపుల అరుగుల మీద కూర్చుంటే తోలేస్తారు. మూడు అడిగాం: పైన పచ్చ నెట్, మంచినీళ్లు, ఆడవాళ్లకు మరుగుదొడ్డి. నెట్ వచ్చింది. చలివేంద్రం వచ్చింది, రెండు కుండలు, ఒక స్టీలు గ్లాసు. మరుగుదొడ్డి రాలేదు. పేపర్లో ఫొటో పడింది, అందరూ సంతోషించారు. కొన్ని రోజులకు చూస్తే కుండల దగ్గర మగవాళ్లే. అడ్డాలోని ఒక పెద్దమ్మను అడిగితే, "నీళ్లు తాగితే యాడికి పోవాలె కొడుకా?" అంది. సాయంత్రం ఇంటికి పోయేదాకా నోరు కట్టుకుని పనిచేస్తారు. వడదెబ్బ ఎవరికి ముందు తగులుతుందో దీన్ని బట్టే తెలుస్తుంది. ఆ మూడో అంశం మీద ఇప్పటికీ అర్జీలు పెడుతూనే ఉన్నాం. జాగా లేదని ఒకసారి, ట్రాఫిక్ వాళ్లు ఒప్పుకోరని ఇంకోసారి జవాబు.

వడదెబ్బ చావులను 2025 ఏప్రిల్‌లో రాష్ట్రం విపత్తుగా గుర్తించి పరిహారం 4 లక్షలు చేసింది, అంతకుముందు 50 వేలే. చాలా పెద్ద మార్పు. అయితే వడదెబ్బతోనే పోయాడని రుజువు కావాలి. పోస్ట్‌మార్టం కావాలి, తహసీల్దార్, డాక్టర్, ఎస్సై కలిసి తేల్చాలి. పగలంతా స్లాబు మీద పనిచేసి రాత్రి ఇంట్లో నిద్రలో పోయిన మనిషిని ఎవరు పోస్ట్‌మార్టానికి తీసుకుపోతారు? గుండె ఆగిందంటారు, తెల్లారి దహనం చేస్తారు. పన్నెండో రోజు అయ్యాక ఎవరో చెబితే నా దగ్గరికి వస్తారు, అప్పుడు నేను టైప్ చేయడానికి ఏమీ ఉండదు. అందుకే ఎండాకాలం మొదట్లోనే ఈ నాలుగు ముక్కలు ఒక పేజీలో కొట్టి అడ్డాలో పంచుతున్నాం. చావు గురించి ముందే కాగితం పంచడం మా వాళ్లలో కొందరికి నచ్చలేదు. అశుభం అన్నారు. పంచుతూనే ఉన్నాం.

చెట్ల గురించి తక్కువే రాస్తాను, ఎందుకంటే అందరూ వాటి గురించే రాస్తారు. 2019 తెలంగాణ మున్సిపల్ చట్టం బడ్జెట్‌లో 10 శాతం పచ్చదనానికి పెట్టమంది, నాటినవాటిలో 85 శాతం బతకాలంది. మొక్కలకు ఇంత గట్టి లెక్క ఉన్నందుకు సంతోషమే. నాకున్న చిక్కు ఎక్కడ నాటుతున్నారన్న దాని మీద. డివైడర్ మధ్యలో పూల మొక్కలకు ట్యాంకర్ నీళ్లు పోయగా నేను రోజూ చూస్తాను. డివైడర్ మీద నీడలో ఎవరు కూర్చుంటారు? అడ్డా దగ్గర రెండు వేపలు, బస్టాప్ వెనక ఒక కానుగ అడిగాం. వేప నీడ రావడానికి ఏళ్లు పడుతుంది, అయినా నాటాలి. ఆ నెట్ ఇప్పటికే రెండు చోట్ల చిరిగింది.

ఇక ఇప్పుడు నడుస్తున్న తగువు. నాలా వెడల్పు చేయాలి. ఇందులో మా బస్తీలో రెండో మాట లేదు, వెడల్పు కాకపోతే మునిగేది మేమే. 2012 నాటి భవన నిబంధనల జీవో 168 ప్రకారం పది మీటర్లకంటే వెడల్పున్న నాలా పక్కన తొమ్మిది మీటర్లు, అంతకంటే సన్నదైతే రెండు మీటర్లు ఖాళీ వదలాలి. కొలిస్తే గుడిసెలూ వస్తాయి, రేకుల షెడ్లూ వస్తాయి, అపార్ట్‌మెంట్ పార్కింగులూ వస్తాయి. జేసీబీ వచ్చిన రోజు మాత్రం గుడిసె పొద్దున పది గంటలకు పోతుంది, అపార్ట్‌మెంట్ మధ్యాహ్నానికి కోర్టు నుంచి స్టే తెచ్చుకుంటుంది. ఇది మా ఒక్క నగరంలోనే జరిగే సంగతి కాదు, అందరూ చూసిందే.

ఈ సోమవారం ఇచ్చే వినతిపత్రంలో మొదటి రెండు పేరాల మీద అందరికీ ఒప్పందమే. ఒకటి, రెండు ఒడ్లూ ఒకే రోజు, ఒకే టేపుతో, బస్తీ పెద్దల ముందు కొలవాలి, గుర్తు పెట్టిన రాళ్ల ఫొటో తీసి వార్డు ఆఫీసులో అంటించాలి. రెండు, తీసే ముందు ఇల్లు చూపాలి, అది నగరంలోనే ఉండాలి. ఊరవతల డబుల్ బెడ్‌రూమ్ ఇస్తే అక్కడి నుంచి అడ్డాకు రావడానికే ఆటోకు సగం కూలి పోతుంది.

తగువు మూడో పేరా మీద. తీసేసే ఇళ్లలో కిరాయికి ఉన్నవాళ్లకు కూడా పునరావాసం జాబితాలో చోటు ఇవ్వాలని అందులో రాశాను. నేనే కల్పించింది కాదు, పొదుపు సంఘం వాళ్లు చెప్పిందే. గుడిసెలున్నవాళ్లు దానికి ఒప్పుకోవడం లేదు. "మాకే పట్టాల్లేవు. నడుమ కిరాయిదార్లను గూడ జొప్పిస్తే సార్లు మొత్తం కాయితం పక్కకు పడేస్తరు" అంటున్నారు. వాళ్ల భయంలో అర్థం ఉంది. ఇచ్చేది పది ఇళ్లయితే అడిగేవాళ్లు ఇరవై మంది అవుతారు. కానీ 2023లో 'కిరాయిదార్లు మా లెక్కల రారమ్మా' అనిపించుకున్న ఆ అక్క ఇప్పుడుంటున్నది కూడా నాలా పక్కనే, కిరాయి రెండు వందలు పెరిగిన ఆ రేకుల ఇంట్లోనే. ఆమె పేరు ఈసారి తీసేస్తున్నది సర్వే ఫారం కాదు, మేమే. అది నాకు మింగుడు పడటం లేదు. టైప్ చేసేవాడికి అభిప్రాయం ఉండకూడదని మా షాపు రూలు, ఈ ఒక్కదానికి ఆ రూలు పక్కన పెట్టాను. మీటింగులో చెప్పేశాను కూడా.

తేలలేదు. కాబట్టి రెండు ప్రతులూ టైప్ చేసి ఉంచాను, మూడో పేరా ఉన్నదొకటి, లేనిదొకటి. దేని మీద ఎక్కువ సంతకాలు పడితే అదే ఇస్తాం. కిరాయిదారులు చాలామంది పని దిగి రాత్రి ఎనిమిది తర్వాతే ఇల్లు చేరతారు. అందుకని ఆదివారం షాపు పదకొండు దాకా తెరిచే ఉంటుంది. మా బస్తీ వాళ్లెవరైనా ఇది చదువుతుంటే, ఆధార్ ఒరిజినల్ పట్టుకుని రండి. జిరాక్స్‌కు డబ్బులు తీసుకోను. సంతకం రానివాళ్లు వేలిముద్ర వేయొచ్చు, ఇంకు ప్యాడ్ నా దగ్గరే ఉంది.